చంకలో కానుగాకు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం పుంగనూరులో మా ఇంటి ముందు తెల్ల కారొకటి ఆగింది. మా సందులోకి పాల క్యాన్ల ఆటో తప్ప మరో బండి రాదు కాబట్టి ఎదురింటివాళ్ళు కూడా తలుపు తీసి చూశారు. దిగిన మనిషికి అరవై దాటి ఉంటాయి. కుప్పం దగ్గర నల్లరాయి కోసి మెరుగుపెట్టే ఫ్యాక్టరీ తనదని, పేరు ప్రసన్నకుమార్ అని చెప్పుకున్నాడు. చెప్పకపోయినా నాకు తెలిసిపోయేది. గడ్డం కొంచెం పైకెత్తి ఎదుటి మనిషిని చూసే ఆ చూపు వాళ్ళ నాయన జయకర్ దొరది. యాభై ఏళ్ళయినా ఆ గడ్డాన్ని నేను మరిచిపోలేదు. వయసు పైబడితే మరపు వస్తుందని, దాని వెనకే క్షమించే బుద్ధి కూడా వస్తుందని మా పాస్టరు గారు అంటుంటారు. నాకు రెండూ రాలేదు.

అతను ఒక కాగితం తెచ్చాడు. ఫ్యాక్టరీ పక్కన ఖాళీ నేలలో గోల్ఫు నేర్చుకునే మైదానం ఒకటి తయారు చేయించాడట. దానికి తండ్రి పేరు పెడుతున్నాడట. గేటు దగ్గర నిలువెత్తు నల్లరాయి మీద తండ్రి గొప్పతనం చెక్కిస్తాడట. నేను బెంగళూరు అవతల ఒక మైదానంలో ముప్పై ఏళ్ళు ఆ ఆట నేర్పి వచ్చినవాణ్ణని, చిన్నప్పుడు వాళ్ళ నాయన పనిచేసిన ఆసుపత్రి కాంపౌండులోనే పెరిగినవాణ్ణని ఎవరో చెప్పారట. చెక్కేముందు ఆట సంగతులు సరిగా ఉన్నాయో లేదో చూసిపెట్టమన్నాడు. "ఒగసారి రాయి మీద పడినాక మళ్ళీ మార్సలేం గదప్పా," అన్నాడు. కాగితం చదివాను. అందులో ఒక వాక్యం ఇది: బంతి కుడివైపుకు వంకర తిరిగిపోయే దోషానికి, ఎడమ చంకలో రుమాలు పెట్టుకుని కొట్టే ఉపాయాన్ని జయకర్ గారు స్వయంగా కనిపెట్టారు. ఆ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి జయకర్ దొరది. రెండోది నాది. వారంలో చెబుతానని కాగితం దగ్గర పెట్టుకుని, కాఫీ ఇచ్చి పంపించాను.

ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే దారిలో, రోడ్డుకు బాగా లోపలగా ఉండేది. పెద్ద మిషన్ ఆసుపత్రుల సరసన లెక్కకు రానంత చిన్నది. ఎప్పుడో మూతబడింది, ప్లాట్లు వేసి అమ్మేశారు. పేరు రాసినా ఎవరికీ గుర్తు రాదు కాబట్టి రాయడం లేదు. వెనకవైపు పనివాళ్ళకు ఎనిమిది గదుల లైను ఉండేది. మూడో గది మాది. మా నాయన రత్నం ఆ కాంపౌండులో గడ్డి కోసేవాడు. తెల్లవారుజామున చర్చి గంట కంటే ముందు మమ్మల్ని లేపేది నాయన కత్తి నూరే చప్పుడు. నడుమెత్తు ఇనుప కడ్డీకి కొసన వంగిన పదునైన పట్టా, నిలబడి ఊపుతూ గడ్డి కోసే కత్తి అది. తడి ఇసుక చల్లిన బండ మీద దాన్ని రెండు పక్కలా నూరి, ఆముదం రాసి, గోడకు ఆనించాకే ప్రార్థనకు కూర్చునేవాడు. ప్రార్థనలో ఎవరినీ వదిలేవాడు కాదు. వార్డుల్లో రోగులు, డాక్టర్లు, పుంగనూరు పక్క పల్లెలో ఉన్న మా అవ్వ, అవ్వ దగ్గరున్న పొట్టి ఆవు, అందరూ వరసగా వచ్చేవాళ్ళు. అమ్మ ఒక కన్ను తెరిచి సంగటి కుండ వైపు చూస్తుండేది. ఆవు వచ్చిందంటే ఆమెన్ దగ్గరపడిందని మా లెక్క. ఆ తర్వాత సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. ఇంటినిండా పచ్చిగడ్డి వాసన, ఆముదం వాసన, వార్డుల వైపు నుంచి ఫినాయిలు వాసన. ఆ మూడూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

గడ్డి కోయడం చూసేవాళ్ళకు తేలికగా కనిపిస్తుంది. కొత్తవాడి చేతికి కత్తి ఇచ్చి చూడండి. కుడి భుజాన్ని ముందుకు తోస్తాడు, మోచేతిని ఒంటికి దూరంగా ఎగరేస్తాడు, కత్తిని పైనుంచి అడ్డంగా లాగుతాడు. గడ్డి తెగదు, పక్కకు పడుకుంటుంది. కత్తి నేలను గీరుతుంది. సాయంత్రానికి భుజం పనికిరాకుండా పోతుంది. మా అవ్వ వాళ్ళ వైపు పాడి ఆవులకు గుంపులుగా పోయి గడ్డి కోసేవాళ్ళు దీనికొక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తవాడి కుడి చంకలో పిడికెడు కానుగాకు పెట్టి, అది రాలకుండా కొయ్యమంటారు. మోచెయ్యి ఒంటిని వదిలితే ఆకు రాలుతుంది. ఆకు నిలిచిందంటే కత్తి వెనకనుంచి, కిందనుంచి, ఒంటిని రాసుకుంటూ వస్తోందని అర్థం. పద్దెనిమిదేళ్ళప్పుడు నేనూ అట్లాగే నేర్చుకున్నాను. ఆకు రాలినప్పుడు నాయన తిట్టేవాడు కాదు. తన కత్తి ఆపి, హార్సిలీ కొండ వైపు చూస్తూ నిలబడేవాడు. నేను వంగి, రాలిన ఆకులన్నీ ఏరుకుని మళ్ళీ చంకలో పెట్టుకునేదాకా అట్లాగే ఉండేవాడు. ఒక మాట తిడితే బాగుండుననిపించేది.

తెల్లదొరలున్న కాలంలో ఆసుపత్రి వెనక బీడులో ఆరు గుంతల గోల్ఫు మైదానం వేసుకున్నారు. నీళ్ళు లేని నేల కాబట్టి గుంతల చుట్టూ పచ్చిక పెంచలేక ఇసుక పోసి, వాడేసిన ఇంజనాయిలు కలిపి చదును చేసేవాళ్ళు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక సూపరింటెండెంటుగా వచ్చిన జయకర్ గారు మనవాడే, తెలుగువాడే. అయినా కుర్చీతోపాటు దొర అనే పిలుపు ఆయనకు వచ్చింది. గోల్ఫు కర్రల సంచీ వచ్చింది. ఆట ఒక్కటే రాలేదు. ఆయన కొట్టిన బంతి బాగానే బయలుదేరి, సగం దూరం పోయాక కుడివైపుకు వంకర తిరిగి, దుప్పట్లు ఉడకబెట్టే లాండ్రీ గది దగ్గర పడేది. దీన్ని ఆటగాళ్ళు స్లైసు అంటారు. పదిమంది ఆడితే తొమ్మిదిమందికి ఉండే జబ్బు. దొర దీనికి తన వైద్యం తాను చేసుకున్నాడు. బంతి కుడికి పోతోంది కదా అని ఎడమకు తిరిగి నిలబడడం మొదలుపెట్టాడు. అట్లా తిరిగినకొద్దీ కర్ర బంతిని ఇంకా అడ్డంగా కోస్తుంది, వంకర ఇంకా ఎక్కువవుతుంది. అది తెలియక వారం వారం ఇంకొంచెం తిరిగాడు. చివరికి నర్సుల క్వార్టర్లకు ఎదురుగా నిలబడి కొట్టేవాడు. ఎప్పుడైనా ఒక బంతి వంకర తిరగడం మానేసి నేరుగా పోయి వాళ్ళ పెంకుల మీద పడేది. పెద్ద నర్సు సారమ్మ ఒకనాడు నాయనను నిలబెట్టి, "రత్నమన్నా, మీ దొర గురి యాడుండాది, గుంత మీదనా, మా కూరకుండ మీదనా?" అని అడిగింది. నాయన నవ్వలేదు. ఎవరి పనినైనా చూసి నవ్వడం ఆయనకు చేతకాదు.

ఒక సాయంత్రం దొర ఒక్కడే ఆడుతూ, విసుగుపుట్టి కర్రను నేలకేసి కొట్టాడు. నాయన తన కత్తి పక్కన పెట్టి, పక్కనున్న చెట్టు కొమ్మ నుంచి పిడికెడు కానుగాకు దూసి, రెండు చేతుల్లో పట్టుకుని దగ్గరికి పోయాడు. "తప్పుగా అనుకోవద్దండయ్యా. మాలో కొత్తోళ్ళు గుడా ఇట్లే ఊపుతారు. ఇది కుడి సంకలో పెట్టుకోని, రాలకుండా కొట్టి సూడండి," అన్నాడు. దొర చుట్టూ చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. నేను ఇరవై అడుగుల దూరంలో కత్తి పట్టుకుని ఉన్నాను. నన్ను చూశాడు గాని చూసే మనుషుల్లో జమకట్టలేదు. ఆకు పెట్టుకున్నాడు. ఏడో బంతో ఎనిమిదో బంతో నేరుగా పోయింది. ఆ తర్వాత పక్షం రోజులు సాయంత్రాలన్నీ నాయన అక్కడే. ఆకు రాలితే దొర వంగలేదు. నాయనే వంగి ఏరి అందించాడు. నాకు ఒక్కసారి కూడా ఏరివ్వని నాయన.

చలికాలంలో ఏటా ఒకనాడు బెంగళూరు వైపు, రాష్ట్రం సరిహద్దు అవతలి క్లబ్బు వాళ్ళు వచ్చి కప్పు కోసం ఆడేవాళ్ళు. ఆ ఏడు కప్పు దొర గెలిచాడు. షామియానా కింద భోజనాలు. నేనూ నాయనా నీళ్ళ జగ్గులతో తిరుగుతున్నాం. ఆ జబ్బు ఎట్లా పోయిందని అతిథి ఒకాయన అడిగాడు. దొర లేచి నిలబడి భుజం ఎముకల గురించి, కీళ్ళ గురించి చెప్పి, డాక్టరును కాబట్టి ఆలోచించి పట్టుకున్నానన్నాడు. జేబురుమాలు చంకలో పెట్టుకుంటే చాలన్నాడు. నాయనకు అది తనను దాటేయడమని తట్టలేదు. నలుగురిలో తన పని మాట వచ్చిందని మొహం వెలిగిపోయి, "గుడ్డ కంటే కానుగాకు మేలండయ్యా, రాలితే టక్కున తెలుస్తాది," అన్నాడు. అడిగినాయన పకపకా నవ్వి, అయితే మీ గురువుగారు ఈయనన్నమాట అన్నాడు. దొర కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తి, నెమ్మదిగా చెప్పాడు. "రత్నం, గడ్డి కోసేవాడు గడ్డి సంగతి మాట్లాడాలి." నాయన, "అట్లే అయ్యా," అని జగ్గు తీసుకుని వెనక్కి వచ్చాడు. సోమవారం పొద్దున కాగితం వచ్చింది. నాయనను లాండ్రీకి మార్చారు. కత్తి నాకిచ్చారు.

ఎండలో గాలిలో బతికిన మనిషిని తీసుకుపోయి ఆవిరిలో పెట్టారు. రోజంతా సోడా నీళ్ళలో రోగుల దుప్పట్లు ఉడకబెట్టి, కర్రతో కలియబెట్టి, పిండి ఆరేయాలి. పొద్దున్నే కత్తి నూరే చప్పుడు మాత్రం ఆగలేదు. నా కత్తి తనే నూరేవాడు. ఆ పని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు సంగటి ముద్ద చేసుకుంటున్న ఆయన చెయ్యి చూశాను. అరచేతి కాయలు సోడా నీళ్ళకు నాని, పొరలు పొరలుగా ఊడి, కింద లేత చర్మం కనిపిస్తోంది. అమ్మ కూడా చూసింది. ప్రార్థనలో ఆ రోజూ దొర పేరు వచ్చింది, ఎప్పటిలాగే అవ్వ కంటే ముందు.

మరుసటి ఏడు దొరకు జబ్బు తిరగబెట్టింది. అది తిరగబెట్టే జబ్బే. భుజం పాత అలవాటు వెతుక్కుంటుంది. కప్పు ఆట వారంలో ఉందనగా నేను గడ్డి కోస్తున్న చోటికి దొర తనే నడిచి వచ్చాడు. రత్నం కొడుకువి కదూ అన్నాడు. అవునయ్యా అన్నాను. ముందుగా గడ్డి బాగా పెరిగిందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయన ఆకు ఏ చంకలో పెట్టమన్నాడు?" అని అడిగాడు. లాండ్రీ పొగ మేము నిలబడిన చోటికి కనిపిస్తోంది. నాయనను పిలువు అని ఉంటే నేను పరిగెత్తేవాణ్ణి. ఆయన్నే అడుగుదాం అని ఉంటే ఆ రోజే అంతా మరిచిపోయేవాణ్ణి. దొరకు ఆకు కావాలి, మనిషి అక్కర్లేదు. "ఎడం సంకలోనయ్యా," అన్నాను. దొర జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు. కొడుకు తెచ్చిన కాగితంలోకి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

కప్పు ఆట రోజు దొర ఎడమ చంకలో తెల్ల రుమాలు బిగించి నిలబడ్డాడు. మొదటి బంతి లాండ్రీ దగ్గర పడింది. రెండోది లాండ్రీ గోడకు తగిలింది. మూడోది ఆరేసిన దుప్పట్లలో చిక్కుకుంది. అతిథులు మొదట జాలిపడ్డారు, తర్వాత నవ్వు రాకుండా మూతులు బిగించుకున్నారు, తర్వాత అదీ మానేశారు. బంతులు తెచ్చి ఇచ్చింది మా నాయన. మూడోసారి వచ్చినప్పుడు దొర చంకలో రుమాలు ఆయన కంటబడింది. నావైపు తిరిగి చూశాడు. నేను తల దించుకోలేదు. కప్పు సరిహద్దు దాటిపోయింది. చెప్పడానికి నాకు సిగ్గులేదు, ఆ రోజు తిన్నంత రుచిగా నేను ఏనాడూ అన్నం తినలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే నాయన యా సంక చెప్పినావురా అని అడిగాడు. ఎడమ చంక అని చెప్పాను. కాళ్ళు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "పని తప్పు సెప్పగూడదు నాయనా. మనిసి మీద కోపముంటే మనిసి మీద పెట్టుకో. పని యాం జేసింది నిన్ను?" అన్నాడు. "నీ సేతులు సూసుకో," అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున, ఆదివారాలు చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని దొర బంగళాకు బయలుదేరాడు. గేటుదాకా నేనూ పోయాను. తప్పు నాదని, కుడి చంక అని చెప్పడానికి పోతున్నాడు. వాచ్‌మన్ లోపలికి పోయి వచ్చి, లాండ్రీ సంగతులైతే మేట్రన్‌తో చెప్పుకోమంటున్నారన్నాడు. "లాండ్రీ సంగతి గాదని సెప్పప్పా. దొరకు పనికొచ్చే మాటే," అన్నాడు నాయన. వాచ్‌మన్ రెండోసారి లోపలికి పోయి ఇక బయటికి రాలేదు. ఆసుపత్రి గంట కొట్టేదాకా నాయన ఆ గేటు దగ్గరే నిలబడి, తర్వాత ఆ చొక్కాతోనే దుప్పట్లు ఉడకబెట్టడానికి పోయాడు. దొర మీద ఇప్పటికీ చల్లారని ఈ కోపం నాకు షామియానా కింద పుట్టిందని అనుకునేవాణ్ణి. కాదు, ఆ గేటు దగ్గర పుట్టింది.

నేను ఆ ఏడే కత్తి అప్పజెప్పి బెంగళూరు పోయాను. గోల్ఫు మైదానంలో గడ్డి పనికే చేరాను. ఫుట్‌పాత్ మీద అట్టలేని ఇంగ్లీషు గోల్ఫు పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది చదివాను. ఆ జబ్బు గురించి నాలుగు పేజీలు, బాణం గుర్తులతో బొమ్మలు. చివర్లో కుడి చంకలో తువ్వాలు పెట్టుకోమని ఉంది. మా అవ్వ ఊరి గడ్డి కోతగాళ్ళ మాట అక్కడ అచ్చులో కనబడింది. ఆ తర్వాత గడ్డి పని వదిలి ముప్పై ఏళ్ళు ఆట నేర్పాను. పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్ళు నన్ను మాస్టర్ అన్నారు, కుర్చీ వేశారు, వంగి తువ్వాలు వాళ్ళే ఏరుకున్నారు. ఇప్పుడు ఫోనులో వీడియో తీసి, వేగం తగ్గించి, మోచేతి మీద ఎర్రగీత గీసి చూపిస్తున్నారు. అంతా చేసి చెప్పేది పిడికెడు ఆకు చెప్పిన మాటే. ఇది మా నాయన నేర్పింది అని ప్రతివాడికీ చెప్పాను. తలలూపారు. ఒక్కడు కూడా ఆయన పేరు అడగలేదు. నాయన లాండ్రీలోనే పోయాడు. శవపెట్టెలో పెట్టినప్పుడు చేతులు చూశాను. చంటిబిడ్డ చేతుల్లా ఉన్నాయి.

వారం కాగానే ప్రసన్నకుమార్ మళ్ళీ వచ్చాడు. నేను రత్నం కొడుకునని చెప్పాను. కానుగాకు, షామియానా, లాండ్రీ, గేటు, అన్నీ చెప్పాను. ఏ చంక అన్నది ఒక్కటే చెప్పలేదు. అతను మధ్యలో అడ్డం రాలేదు. చెడ్డవాడు కాదు, ఆ సంగతులు అతనికి తెలియవు. అంతా విన్నాక, రాయి మీద ఒక్క వరస చాలన్నాను, ఈ ఉపాయం చెప్పినవాడు గడ్డి కోసే రత్నం అని. అతను కాగితం మడిచాడు, విప్పాడు. కమిటీ ఉందన్నాడు, చుట్టాలందరూ వస్తారన్నాడు. "స్టేజీ మీద మీకు శాలువా కప్పుతామప్పా. మీ నాయన పేరు మైకులో నేనే సెప్తా. రాయి మీద మాత్రం వద్దు. మా నాయన తలకొట్టేసినట్టుంటాది," అన్నాడు. ఆ మాటైనా నిజాయితీగా అన్నాడు. తర్వాత పెన్ను తీసి నా చేతికిచ్చి, ఆట సంగతుల్లో తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాడు.

మా నాయన అయితే చెప్పేసేవాడు. ఆదివారం చొక్కా తొడుక్కుని కుప్పం దాకా పోయి మరీ చెప్పేవాడు. నేను కాగితం ఇంకోసారి పూర్తిగా చదివాను. రెండు చోట్ల కామాలు దిద్దాను. "తప్పులేం లేవు. అంతా సరిగ్గా ఉండాది. సెక్కించుకో నాయనా," అని కింద సంతకం పెట్టిచ్చాను.

ప్రారంభానికి కుప్పం పోయాను. రాయి బ్రహ్మాండంగా వచ్చింది, అద్దంలా మొహం కనిపిస్తోంది. శాలువా కప్పారు. మైకు ముందు ప్రసన్నకుమార్ మా నాయన పేరు కోసం తడుముకుని, దొరకక, గడ్డి కోసే పెద్దాయన ఒకరు అన్నాడు. తర్వాత కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పదిహేనుమంది వరసలో నిలబడి, రాయి చదువుకుని, ఎడమ చంకల్లో తెల్ల రుమాళ్ళు బిగించుకుని కొట్టారు. బంతులు ఒకదాని వెనక ఒకటి కుడికి తిరిగి, ఫ్యాక్టరీ వాళ్ళు కుప్పపోసిన రాతి ముక్కల మీద టంగు టంగుమని పడ్డాయి. బస్సుకు వేళవుతోందని పక్కనున్నవాళ్ళు లేపినా, ఆఖరి బంతిదాకా కూర్చునే విన్నాను.

ఆ నేర్చుకునేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ఎవరికైనా ఆ జబ్బు ఉంటే వినండి, కుడి చంక. చెప్పినవాడు మా నాయన రత్నం, గడ్డి కోసేవాడు. ఇదంతా రాసి అచ్చువేయించిన ఈ పుస్తకం ఒకటి ప్రసన్నకుమార్‌కు పోస్టులో పంపుతున్నాను. ఆ రాయి తీసి కొత్తది నిలబెట్టాలనుకుంటే రెండు తప్పులూ కలిపే దిద్దుకోవాలి. ఒక్కటే దిద్దుతానంటే నేను ఒప్పుకోను.